పాలూ నీళ్ళూ

గది చీకటి చేశాను. ఫిబ్రవరి.
కిటికీ అద్దం లోపలివైపు కూడా గడ్డ కట్టింది.
జెల్ సీసాని పొద్దున్నుంచీ చంకలో పెట్టుకుని
గుడ్డులా పొదుగుతున్నాను.
అయినా తగలగానే ఉలిక్కిపడుతుంది దులమ్‌జావ్,
మైనస్ ముప్ఫై అయిదులో
మూడువందల మేకల్ని లెక్కపెట్టి వచ్చిన మనిషి.

"ఊపిరి తీసుకో. బిగబట్టు."

పక్కటెముకల సందులోంచి
లోపలికి తొంగిచూస్తాను.
మొదటిరోజు త్సెవెల్మా టీచర్ చెప్పింది:
మచ్చని వెతక్కు. ముందు నేలని చూడు.
గట్లున్న వాగు పోర్టల్ సిర,
గట్లు లేకుండా నేలని కోసుకుపోయేది హెపాటిక్ సిర.
ఏ వాగు ఎటు పోతుందో తెలిస్తే
ఏది దారి తప్పి వచ్చిందో అదే తెలుస్తుంది.

నాకు తొందర.
తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే వయసు.
నల్లగా గుండ్రంగా ఉంటే నీటితిత్తి,
తెల్లగా గుండ్రంగా ఉంటే
రక్తనాళాలు ముడిపడ్డ హెమాంజియోమా,
ఎవరికీ కీడు చెయ్యని అమాయకురాలు.

అట్లాగే రాశాను దమ్దిన్‌సురెన్ కాగితం మీద.
లారీలకు వెల్డింగ్ చేసేవాడు.
తెల్లటి మచ్చ, గొర్రె మడమ ఎముకంత.
"ఏం లేదు, ఆరునెలలాగి రా" అన్నాను.
నా చెయ్యి గట్టిగా ఊపి వెళ్ళాడు.
కాలేయం అంచు చూడలేదు నేను,
ఎండిన ఏటి రాళ్ళలా బొడిపెలు బొడిపెలు.
పాత వైరస్ కాల్చి వదిలిన నేలలో
తెలుపుని నమ్మకూడదని
నాలుగో నెలలో అతనే వచ్చి చెప్పాడు, పసుపు కళ్ళతో.
పోర్టల్ సిర నిండా ఏదో పూడిపోయింది.
డాప్లర్ నొక్కితే ఆ పూడికలోనే
టక్, టక్, టక్,
ఒక ధమని కొట్టుకుంటోంది.
టీచర్ నన్ను తిట్టలేదు.
అదే ఇప్పటికీ బాధ.

ఇప్పుడు దులమ్‌జావ్ లోపల
కుడివైపు, లోతుగా, రెండు సెంటీమీటర్ల తెలుపు.
ఈమె మొగుడూ అన్నా ఇద్దరూ కాలేయంతోనే పోయారు.
ఈమె తెరవైపు చూడదు. నా ముఖం చూస్తుంది.
మబ్బుని చూసి మంచుతుఫాను చెప్పేవాళ్ళు ఈ ఊరివాళ్ళు,
కనుబొమ్మ కదిలితే చాలు.

కదల్చను.

అంచు: కత్తివాదరలా నున్నగా ఉంది కాలేయం.
మచ్చ వెనక నీడ లేదు, పైగా కొంచెం వెలుగు.
రంగు మీట నొక్కాను, ఎర్రా లేదు నీలీ లేదు.
లోపల నెత్తురుంది, కానీ ఎంత నింపాదిగా అంటే
యంత్రానికి వినిపించనంత.
ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి
టీ చల్లారేదాకా ఆగి మళ్ళీ చూశాను:
తెలుపు ఒక్క పిసరు తగ్గింది.
రాయి అట్లా రంగు మార్చదు.
ఫైలు తీసి వైరస్ పరీక్ష రెండుసార్లు చదివాను. లేదు.

ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి.
అయినా "ఏం లేదు" అన్న మాట
ఆ రోజునుంచీ నా నోట రావడం లేదు.

"ఉలాన్‌బాతర్ వెళ్ళు. అక్కడ సూదిమందు ఇచ్చి చూస్తారు.
అంచులనుంచి మధ్యకి మెల్లగా నిండితే,
నిండి అట్లాగే నిలిస్తే, ఇక మరిచిపోవచ్చు.
నాకైతే అట్లాగే నిండుతుందనిపిస్తోంది."

"మేకలు ఈనేలోగా తిరిగొస్తానా?"

"వస్తావు."

తలగుడ్డతో పొట్ట తుడుచుకుంది.
దేల్ మడతలోంచి ఒక ఆరూల్ ముక్క తీసి
నా అరచేతిలో పెట్టింది,
ఎండబెట్టిన పెరుగు, సుద్దలా తెల్లగా, రాయిలా.
పంటికి లొంగదు. బుగ్గన పెట్టుకుని ఆగాలి.
కాసేపటికి పులుపు, ఆ తర్వాత ఎక్కడో వేసవి గడ్డి.

ఇది మాత్రం పాలే.

ఆమెని తెచ్చిన జీపు డ్రైవరు
"ఎలాగూ వచ్చాను కదా" అంటూ
బూట్లు విప్పుతున్నాడు.
ముక్కని బుగ్గలో పక్కకి నెట్టి,
"ఊపిరి తీసుకో" అంటాను.